ఊరి చరిత్రలో పేట ఎక్కడ?
గుండుగొలను దగ్గర నిలబడి, స్థానిక చరిత్ర రాతల మీద ఒక విమర్శ

'ఊరన్నాక మాలపల్లి ఉండదా' అని సామెత. చెడ్డది ఏదైనా ఎక్కడైనా ఉండేదేలే అని తేలిగ్గా తీసిపారేయడానికి ఊళ్లోవాళ్లు వాడే మాట ఇది. ఇందులోని తిట్టు సంగతి కాసేపు పక్కన పెడదాం. ఈ సామెతలో ఊరు తనకు తెలియకుండానే ఒక నిజం ఒప్పుకుంటోంది. మాలపల్లి లేని ఊరు లేదని ఊరే చెబుతోంది. మరి అదే ఊరు తన చరిత్ర రాసుకునేటప్పుడు ఈ ఒప్పుకోలు ఎక్కడికి పోతోంది? నోటిమాటలో ఉన్న మాలపల్లి పుస్తకంలోకి ఎందుకు రాదు?

ఈ ప్రశ్న అడగడానికి గుండుగొలను దగ్గర ఆగుదాం. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వైపు పాత ఐదో నెంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే భీమడోలుకు ముందు వచ్చే ఊరిది. ఒక పక్క కొల్లేటి పల్లం, ఇంకో పక్క మెట్ట. కారంచేడు, చుండూరుల్లాగా రాష్ట్రమంతా పేరెత్తి చెప్పుకునే ఊరు కాదు. అందుకే దీన్ని ఎంచుకున్నాం. ఇక్కడ మనం చేస్తున్నది గుండుగొలను చరిత్ర రాయడం కాదు. ఇలాంటి ఊళ్ల చరిత్ర ఇన్నాళ్లూ ఎలా రాశారు, అందులో పేట ఎందుకు కనపడదు, కనపడేలా రాయాలంటే మన చేతిలో ఏ ఆధారాలున్నాయి అన్నదే మన చర్చ. (ఈ ప్రాంతంలో దళితుల నివాసాలను పేట అనడం వాడుక. ఇక్కడా ఆ మాటే వాడుతున్నాం.)

ఈ ఊరి పై చిరునామా చాలాసార్లు మారింది. 1859లో గోదావరి జిల్లా ఏర్పడ్డప్పుడు ఏలూరు ప్రాంతం అందులో చేరింది. 1904లో దాన్ని కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా పుట్టింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాక గుండుగొలను భీమడోలు మండలం కిందికొచ్చింది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా అయింది. తాడేపల్లిగూడెం మాత్రం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. ఇన్నిసార్లు పై చిరునామా మారినా కింది చిరునామా కదల్లేదు. ఊరు ఊరే, పేట పేటే. ఆ రెంటి మధ్య దూరాన్ని ఏ సర్కారూ పునర్విభజన చెయ్యలేదు.

రాజులతో మొదలై గుడితో ముగిసే చరిత్ర

ఏలూరు చుట్టుపక్కల ఏ ఊరి చరిత్ర తీసుకున్నా మొదటి పేజీ ఒకేలా ఉంటుంది. పెదవేగి దగ్గరే ఉంది కాబట్టి శాలంకాయనుల పేరు రావాలి. తర్వాత ఏడో శతాబ్దంలో కుబ్జవిష్ణువర్ధనుడు, వేంగి చాళుక్యులు. కొల్లేరు దగ్గర కాబట్టి కొల్లేటికోట, గజపతుల కోట కథ, పెద్దింట్లమ్మ. పేరులో 'కొలను' ఉంది కాబట్టి పేరు వెనక కథ ఒకటి. ఆ తర్వాత గుడి ఎవరు కట్టించారు, మాన్యం ఎవరిచ్చారు, మునసబు కరణాలు ఎవరు, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లినవాళ్లు ఎవరు, హైస్కూలుకు స్థలమిచ్చిన దాత ఎవరు. అంతటితో ఊరి చరిత్ర అయిపోతుంది.

ఈ పద్ధతిలో తప్పేముంది, శాసనాలుంటే రాయొద్దా అని కొందరు అడుగుతారు. రాయాలి. మన అభ్యంతరం శాసనం మీద కాదు, శాసనాన్ని చదివే తీరు మీద. శాసనం అనేది దానమిచ్చినవాడి కాగితం. భూమి ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, ఎల్లలు ఏమిటి అన్నవి అందులో ఉంటాయి. ఆ భూమి దున్నినవాడు అందులో ఉండడు. ఇచ్చినవాడి కాగితంలో ఇచ్చినవాడే కనపడతాడు, అందులో వింత లేదు. వింతేమిటంటే, పన్నెండు పదమూడు వందల ఏళ్ల తర్వాత చరిత్ర రాసేవాడు కూడా దాత పక్కనే నిలబడి చూడడం. మాన్యం ఎన్ని పుట్లన్నది లెక్క కడతాడు గానీ, ఆ పుట్ల ధాన్యం పండించిన చేతులెన్ని అని అడగడు.

ఇక్కడ మనవాళ్లకూ ఒక మాట చెప్పుకోవాలి. రాజుల చరిత్రకు జవాబుగా మనకూ ఒక ప్రాచీన గతం కావాలనే ఆరాటం ఉంది. 1948లో అంబేడ్కర్ అస్పృశ్యుల పుట్టుక మీద రాసిన పుస్తకంలో, ఊరి బయట నివాసం అంటరానితనం కంటే పాతదని వాదించాడు. యుద్ధాల్లో చెదిరిపోయిన తెగల మనుషులు స్థిరపడిన ఊళ్ల అంచున కాపలాదారులుగా కుదురుకున్నారనీ, తర్వాత బౌద్ధాన్ని వదలనందుకూ, గొడ్డుమాంసం మాననందుకూ అంటరానివాళ్లయ్యారనీ ఆయన వాదన. ఈ జిల్లాలోనే గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి. ఇంకేం, గుంటుపల్లి నుంచి మన పేటదాకా ఒక గీత గీసేద్దాం అనిపిస్తుంది. ఆగాలి. ఆధారం లేకుండా అలా గీత గీస్తే, ఊరి పెద్దలు శాలంకాయనుల నుంచి తమ ఇంటి గుమ్మందాకా గీసుకున్న గీతకూ దానికీ తేడా ఉండదు. అంబేడ్కర్ తన వాదనను ఊహతో కూడిన ప్రతిపాదన అనే చెప్పుకున్నాడు. ఆయన దగ్గర మనం తీసుకోవాల్సింది జవాబు కంటే ముందు ప్రశ్న. ఈ మనుషులు ఊరి బయటే ఎందుకున్నారు? ఎప్పట్నుంచి? ప్రతి ఊళ్లోనూ విడిగా అడగాల్సిన ప్రశ్న ఇది.

వాక్యంలో చివరి మాట

రాజుల చరిత్ర తర్వాత ఊరికున్న రెండో చరిత్ర ప్రభుత్వ లెక్క. 1961 జనాభా లెక్కలప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలవారీగా జాతరలు, తిరునాళ్ల సంపుటాలు వేశారు. పశ్చిమ గోదావరికీ ఒకటుంది. పరిశోధక విద్యార్థులు వాటిని బంగారు గనుల్లా చూస్తారు. నిజంగానే వాటిలో విలువైన సమాచారం ఉంది. కానీ ఆ పుస్తకాల్లో ఊరిని వర్ణించే వాక్యం చూడండి. అన్ని ఊళ్లకూ ఒకటే అచ్చు. ఊరు ఏ స్టేషనుకు ఎంత దూరం, జనాభా ఎంత, తర్వాత ఆ జనాభాలో ఎవరెవరున్నారన్న జాబితా. ముందు కులహిందువులు, వాళ్లలో మళ్లీ పై నుంచి కిందికి. తర్వాత షెడ్యూల్డు కులాలు. చివర్న క్రైస్తవులు. ఆ తర్వాత ఏ దేవుడికి ఎప్పుడు ఉత్సవం, ఎన్ని రోజులు, పూజారి ఎవరు.

ఇది లెక్కే కదా, ఇందులో కులమేముంది అనుకుంటాం. వరసలోనే ఉంది. ఊరు ఎలా కట్టబడిందో వాక్యం కూడా అలాగే కట్టబడింది. గుడి చుట్టూ మొదలై, పేట దగ్గర ముగుస్తుంది. పైగా మాలలు, మాదిగలు జనాభా వాక్యంలో కనపడతారు గానీ ఉత్సవ వాక్యంలో మాయమైపోతారు. డప్పు లేకుండా ఈ డెల్టాలో ఏ అమ్మవారి జాతర కదిలింది? వాయిద్యం ఉందంటారు గానీ, వాయించినవాడు ఏ పేటవాడు, అతనికి ఊరు ఏమిచ్చింది, ఊరేగింపులో ఎందాకా రానిచ్చింది అన్న ప్రశ్నలకు అందులో చోటు లేదు.

రెవెన్యూ లెక్కదీ ఇదే పద్ధతి. రెవెన్యూ గ్రామం అంటే సర్వే నెంబర్ల మొత్తం. పేట దానికి శివారు. కొన్నిచోట్ల ఆ గౌరవమూ లేదు. గ్రామకంఠంలో ఒక ముక్క, కాలువగట్టు పోరంబోకులో ఒక ముక్క. జనాభా లెక్కలో షెడ్యూల్డు కులాలవాళ్లు ఇంతమంది అని అంకె దొరుకుతుంది గానీ, పేట అనే నివాసం దొరకదు. మనుషుల లెక్కుంది, చోటుకు లెక్కలేదు.

పేర్లు ఎవరు పెట్టారు?

పేటకు శాసనాలుండవు. కానీ పేర్లుంటాయి. ఒకే పేటకు నాలుగైదు పేర్లుంటాయి. వాటిని పొరలు పొరలుగా విప్పితే అదే ఒక చరిత్ర.

అట్టడుగున మాలపల్లి, మాదిగగూడెం. ఇవి ఊరు పెట్టిన పేర్లు. కులాన్నే చోటుగా పిలవడం. దాని మీద ఆది ఆంధ్ర అనే పేరు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిచిన సభ భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర మహాసభగా పేరు మార్చుకుంది. పంచముడు అంటే నాలుగు వర్ణాల తర్వాతివాడు, ఆది ఆంధ్రుడు అంటే అందరికంటే ముందువాడు. ఒక్క మాటతో వరస తిరగేశారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును రికార్డుల్లోకి తీసుకుంది. ఇవాళ కూడా ఈ జిల్లాల్లో పెద్దవాళ్లు కులమేంటని అడిగితే 'ఆది ఆంధ్ర' అని చెప్పడం వింటాం. అది ఎక్కడో హైదరాబాదులోనో మద్రాసులోనో తయారై వచ్చిన మాట కాదు. మన తాతలు సభలకు నడిచివెళ్లి తెచ్చుకున్న మాట.

దాని మీద హరిజనవాడ. ఇది 1930లలో గాంధీ నోటినుంచి వచ్చింది. ఇచ్చినవాడి దయ అందులో ఉంది గాని, పుచ్చుకున్నవాడి ఇష్టం లేదు. ఆ తర్వాత సర్కారు ఇళ్లొచ్చాక ఎస్సీ కాలనీ, ఇందిరమ్మ కాలనీ. ఇవి పథకాల పేర్లు. చివరికి అంబేడ్కర్ నగర్, అరుంధతి పేట. ఇవి మళ్లీ మనం పెట్టుకున్నవి.

ఒక విద్యార్థి ఒక పేటలో కూర్చుని, రేషన్ కార్డులో ఏ పేరుంది, పాత పట్టాలో ఏ పేరుంది, చర్చి రిజిస్టర్లో ఏ పేరుంది, ఊళ్లోవాళ్లు ఏమని పిలుస్తారు అని నాలుగు గళ్లు గీసి రాసుకుంటే చాలు. ఎవరు ఎప్పుడు ఈ చోటును తమ మాటతో పిలిచే అధికారం తీసుకున్నారో తెలిసిపోతుంది. పేరు చిన్న సంగతని ఎవరూ అనలేరు. 2017లో పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం ఊరి మధ్య ఉండాలన్నందుకు దళితులను వెలివేశారు. పేటలో విగ్రహం పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఊరి నడిబొడ్డున పెడితేనే గొడవ. చోటుకున్న అర్థం ఊరికి మనకంటే బాగా తెలుసు.

రెండు రిజిస్టర్లు, రెండు పేర్లు

పేటను పేటగా నమోదు చేసిన మొదటి కాగితం చాలాచోట్ల మిషన్ రిజిస్టరు. బౌడెన్, బీర్ కుటుంబాలు 1836లో నరసాపురం వైపు వచ్చారు. చర్చి మిషనరీ సొసైటీ 1841లో మచిలీపట్నంలో, 1854లో ఏలూరులో పని మొదలుపెట్టింది. లూథరన్లు, రోమన్ కతోలికులు వేరే దారుల్లో వచ్చారు. ఏ పేటకు ఏ మిషన్ అన్నది పేటపేటకూ మారుతుంది. కానీ ఒకటి మాత్రం అంతటా నిజం. బాప్తిస్మం రిజిస్టర్లో మనిషికి పేరుంటుంది, తండ్రి పేరుంటుంది, తేదీ ఉంటుంది. కరణం దండకవిలెలో 'ఫలానావారి పాలేరు'గా ఉన్నవాడు ఇక్కడ తన పేరుతో ఉన్నాడు.

అలాగని ఈ రిజిస్టరును నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. మిషన్ రాతల్లో మనిషి కనపడేది రక్షింపబడే ఆత్మగా. అంతకుముందు అతను చీకట్లో ఉన్నాడు, తర్వాత వెలుగులోకొచ్చాడు. ఆ 'చీకటి'లో ఉన్న పాటలు, అమ్మవార్లు, వైద్యం, బైండ్ల కథ, చిందు, వీటిని మిషన్ రాసినప్పుడు విగ్రహారాధన అనే ఒక్క మాటతో సరిపెట్టింది. బడి ఇచ్చింది నిజమే. బడితోపాటు మన ముందు తరాన్ని మనకు సిగ్గుగా నేర్పిందన్నదీ నిజమే.

దీనికి తోడు 1950 షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చి పడింది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాదంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలుపుకుంది గాని, క్రైస్తవులను బయటే ఉంచింది. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు బీసీ-సి. దాంతో పేటలో మనిషికి రెండు పేర్లయ్యాయి. బడి రిజిస్టర్లో ఒకటి, గుడారాల పండుగలో ఒకటి. ఇంట్లో ఒక పేరుతో పిలిచిన పిల్ల, బడికెళ్లే వేళకు ఇంకో పేరు మోసుకెళ్లింది. బయటివాళ్లు దీన్ని మోసం అంటారు. చట్టం మనిషిని రెండుగా కోసి, రెండు ముక్కలుగా ఎందుకున్నావని అడగడమే ఇది. చర్చి మారితే అంటరానితనం మారలేదని పేటలో పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. పేట చరిత్ర రాసేవాడు ఈ రెండు రిజిస్టర్లనూ పక్కపక్కన పెట్టి చదవాలి. అయితే ఆ చదువు మనుషులను ఇబ్బందిపెట్టే సాక్ష్యంగా మారకూడదు. ఎవరి అసలు పేరు ఏదో బయటపెట్టడం మన పని కాదు. రెండు పేర్లు ఎందుకు అవసరమయ్యాయో చెప్పడమే మన పని.

పేటకు కథ ఎప్పుడొస్తుంది?

సాహిత్యం ఏం చేసింది? ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో రాయవెల్లూరు జైల్లో 'మాలపల్లి' రాశారు. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. తెలుగు నవల మొదటిసారి పేటలోకి నడిచింది దానితోనే. ఆ గౌరవం దానికుంది. కానీ నడిచి వెళ్లి ఏం చూసింది? రామదాసు వేదాంతం. పేట మనిషి గొప్పవాడు కావాలంటే ఊళ్లోవాళ్లు గొప్పదనుకునే చదువు అతని నోట పలకాలి. సంగదాసు చౌదరయ్య చేతిలో చచ్చిపోయాకే సంగదాసు పేరు ఊరంతా మోగుతుంది. నవలకున్న రెండో పేరు 'సంగవిజయం'. చావుతో వచ్చిన విజయం. ఆ తర్వాత డెబ్భై ఎనభై ఏళ్లపాటు తెలుగు కథకు పేట అంటే దయ చూపాల్సిన చోటో, శవం లేచిన చోటో అయిపోయింది.

2000లో జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' వచ్చాక ఈ లెక్క మారింది. ఎన్నెలదిన్ని కథను రూతు జ్ఞాపకంలోంచి చెప్పించారు. రూతు ఆ ఇంటి కోడలు. పాట కట్టేవాడు, వీధినాటకం ఆడేవాడు, కరువులో కాలువ పనికి వలసపోయినవాడు, మతం మారినవాడు, అందరూ ఒక ఇంటి వరసలో వస్తారు. చదివినవాళ్లకు తెలుస్తుంది, అది నవల మాత్రమే కాదు, పేట చరిత్ర రాసే పద్ధతి. శాసనం లేనిచోట పాట ఆధారం. కరణం లెక్క లేనిచోట కోడలి జ్ఞాపకం ఆధారం. అత్తగారు చెప్పిన కథను కోడలు మోసుకొచ్చి మనవళ్లకు చెబుతుంది. మన పరిశోధకులు ఆ నవల మీద పత్రాలు రాశారుగానీ, అది చూపిన పద్ధతిని తమ ఊళ్లో వాడినవాళ్లు తక్కువ.

ఉద్యమం కూడా ఈ విషయంలో మనల్ని ఒక అలవాటులో పడేసింది. 1985 జూలై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు. ఈ రెండు తేదీలు లేకపోతే ఇవాళ మనం ఈ పేజీల మీద ఉండేవాళ్లం కాదు. కారంచేడు వాళ్లు ఊరు వదిలి చీరాలలో విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. చుండూరులో చనిపోయినవాళ్లను పూడ్చిన చోటు రక్తక్షేత్రమైంది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు కొట్టేసింది. ఇవన్నీ రాయాల్సిందే, రాస్తూనే ఉండాల్సిందే. కానీ రక్తం చిందిన పేటకే చరిత్ర ఉన్నట్టు, చిందని పేటకు ఏమీ లేనట్టు మనకు తెలియకుండానే రాస్తున్నాం. లెక్కలో అంకె, మిషన్లో ఆత్మ, ఎఫ్ఐఆర్లో శవం. ఈ మూడూ కాని మామూలు రోజు పేటకు లేదా? తరతరాల మామూలు రోజుల మీద నిలబడ్డ అణచివేతే ఒక రోజు గొడ్డలి పట్టుకుంటుంది. మామూలు రోజు రాయకపోతే ఆ గొడ్డలి ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు కనపడుతుంది.

నీళ్లు, నేల, కూలి

మామూలు రోజు అంటే పని. ఈ ప్రాంతం పని కథ నీళ్లతో మొదలవుతుంది. 1832-33 నందన కరువు గోదావరి జిల్లాను ఊడ్చేసింది. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కు పూర్తిచేశారు. ఏలూరు కాలువ గోదావరి నీళ్లను ఈ వైపు తెచ్చింది. డెల్టాలో కాటన్ విగ్రహం లేని చోటు కనపడదు. ఆనకట్ట ఎవరు కట్టారంటే పిల్లలందరూ కాటన్ పేరు చెబుతారు. మట్టి మోసిందెవరని అడిగే బడి ఇంకా రాలేదు.

నీళ్లొచ్చాక సార్వా, దాళ్వా. మెరక చేలు కాపులకూ, కమ్మలకూ, రాజులకూ. పల్లంలో, మురుగు కోడు పక్కన, వరదొస్తే ముందు మునిగే చోట పేట. ఊరి మ్యాపులో ఎత్తుపల్లాలు గుర్తిస్తే కులాల పటం దానంతటదే వస్తుంది. ఏ గెజిటీరూ ఇంత తేలికైన పని చెయ్యలేదు. నారు పీకడం, ఊడ్పులు, కలుపు, కోత, కుప్ప నూర్పు, ఇదీ పేట కాలెండరు. అందులో ఊడ్పులూ కలుపూ దాదాపు మొత్తం ఆడవాళ్ల పని. ముఠా కట్టుకుని, ముఠామేస్త్రి వెనక, తెల్లారకముందే బయల్దేరి ఏ ఊరి చేలోకి ఎంత దూరం నడిచారో అడిగి గీస్తే అదొక పటం. ఊరి పెద్దల చరిత్రలో ఊరి ఎల్ల పొలిమేర రాయి దగ్గర ఆగుతుంది. ఊడ్పుల ముఠా నడిచిన ఎల్ల దానికి ఎంతో దూరం.

తర్వాత కొల్లేటి వైపు చేపల చెరువులొచ్చాయి. 1970లలో లంకల్లో వడ్డీలకూ, దళితులకూ సంఘాలు పెట్టి చెరువులిచ్చారు. కాగితం మీద పేదల సంఘం, గట్టు మీద పెట్టుబడిదారుడి షెడ్డు. సభ్యుడు సంతకానికి వచ్చి, లీజు డబ్బులో తన వాటా ఎంత పడేస్తే అంత తీసుకుని పోయాడు. 1999లో ఐదో కాంటూరుదాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ గుర్తింపొచ్చింది. 2006లో అక్రమ చెరువులు కొట్టేశారు. ఆ తర్వాత మళ్లీ లేచాయి. ఈ గొడవ మొత్తం మీద పత్రికలు రాసిందంతా ఇద్దరి మధ్య తగాదాగా. ఒకవైపు పక్షులు, ఇంకోవైపు రైతులు. మూడో మనిషి లేడు. వరిచేను చెరువైతే ఊడ్పులు పోతాయి, కలుపు పోతుంది, కోత పోతుంది. చెరువు గట్టు మీద కావలికి ఒకడు, మేత వెయ్యడానికి ఒకడు చాలు. పట్టుబడికి ముఠాలు బయటినుంచొస్తాయి. పేట ఆడమనిషి పని పోయిన సంగతి పర్యావరణ చర్చలో లేదు, రైతు చర్చలో లేదు. ఆమె పని ఏ రికార్డులోనూ లేదు కాబట్టి, పోయినట్టు కూడా రికార్డు లేదు.

మనలోని మౌనం

ఊరి చరిత్రను ఇంత విమర్శించాక, పేట చరిత్ర అంటూ మనం రాసేదానిలో ఎవరు జారిపోతున్నారో కూడా చూసుకోవాలి. పేట అని ఒక్క మాట అంటున్నాం. మాలపేట, మాదిగపేట ఒకటి కాదు. రెంటి మధ్య కాలువో, రోడ్డో, బావో ఉంటుంది. ఊరు మనల్ని బయట పెట్టినట్టే, మనం మన లోపల ఒకరిని బయట పెట్టాం. చదువు, చర్చిలో పెద్దరికం, ఉద్యోగం ఎటు ముందు వెళ్లాయో అందరికీ తెలుసు. 1994 జూలైలో దండోరా ఈ మాట గట్టిగా అడిగింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ రాజ్యాంగబద్ధమే అంది. 2025లో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు తెచ్చింది. ఇన్నాళ్లూ ఐక్యత పేరుతో ఈ సంగతి చరిత్రలో రాయకుండా దాటేసిన వాళ్లలో మన పత్రికలూ ఉన్నాయి. రాయకుండా దాచిన తేడా ఐక్యతగా మారదు, అనుమానంగా మారుతుంది. రెల్లివాళ్ల సంగతైతే రెండు పేటల చరిత్రలోనూ లేదు.

ఆడవాళ్ల సంగతీ అంతే. గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చేదాకా దళిత స్త్రీలు రాసినవీ చెప్పినవీ ఒకచోట లేవు. పేటలో సమాచారం సేకరించే విద్యార్థి ఎవరింటికి వెళ్తాడు? సంఘం పెద్ద దగ్గరికి, పాస్టరు దగ్గరికి, మాజీ వార్డు మెంబరు దగ్గరికి. వాళ్లు సభల గురించి, ఎన్నికల గురించి చెబుతారు. ఏ బావిలో నీళ్లు ఎప్పటిదాకా తోడనివ్వలేదో, ఏ చెరువులో బిందె ముంచితే ఎవరు తిట్టారో చెప్పాల్సింది బిందె మోసినామె. ఆమె దగ్గరికి వెళ్తే పని మీద ఉంటుంది. పని అయ్యేదాకా ఆగడమే మన పరిశోధన పద్ధతిలో మొదటి పాఠం కావాలి.

కాగితం లేకపోతే ఏం పోతుంది?

ఇదంతా పుస్తకాల మీద పండితుల పేచీ అనుకునేవాళ్లుంటారు. కాదు. గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరుకు సుమారు 70 కిలోమీటర్ల నాలుగు వరసల రోడ్డు పడింది. జాతీయ రహదారి పదహారో నెంబరుకు అది కొత్త దారి. ఇప్పుడు రాష్ట్రంలో లారీ డ్రైవర్లందరికీ గుండుగొలను ఒక మలుపుగా తెలుసు. రోడ్డుకు భూమి పోయినప్పుడు పట్టాదారుకు పరిహారం వస్తుంది. 2013 భూసేకరణ చట్టం కౌలుదారునూ, వ్యవసాయ కూలీనీ కూడా నష్టపోయిన కుటుంబంగా గుర్తించింది. చట్టంలో ఉంది. కానీ మూడేళ్లుగా ఇదే భూమి మీద బతుకుతున్నానని కూలి మనిషి దేన్ని చూపించాలి? అసైన్డు భూమి కోల్పోయినవాళ్లకు పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు చెప్పింది. తీర్పు మనవైపే ఉంది. డి-ఫారం పట్టా ఎవరి తాత పేరుతో ఉందో, అది ఎప్పుడు ఎవరి చేతికి మారిందో చెప్పే చరిత్ర మన దగ్గర ఉండాలి కదా!

1977 చట్టం అసైన్డు భూముల అమ్మకాన్ని నిషేధించింది. 2023 సవరణతో ఇరవై ఏళ్లు దాటినవాటికి పూర్తి హక్కులన్నారు. ఇందులో లాభపడేది అసలు పట్టాదారా, అప్పు కింద కాగితం పట్టుకుపోయినవాడా అన్నది ఒక్కో సర్వే నెంబరు దగ్గర తేలాల్సిన ప్రశ్న. 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. రీసర్వేలో హద్దు పడితే అది మళ్లీ కదలడం కష్టం. పేట శ్మశానం ఎక్కడుంది? చాలా ఊళ్లలో ఊరి రుద్రభూమికి సర్వే నెంబరుంటుంది. పేటవాళ్లు తరతరాలుగా పూడ్చుకుంటున్న కాలువగట్టుకు, చెరువుగట్టుకు పోరంబోకు అనే రాసుంటుంది. తాతల ఎముకలున్న నేల కాగితంలో ఖాళీ స్థలం. ఎవరు ఎప్పుడు ఎవరిని అక్కడ పూడ్చారో, శిలువ రాళ్ల మీద ఏ సంవత్సరాలున్నాయో రాసుకున్న పేటకు సర్వేయరు ముందు నిలబడి మాట్లాడే బలం ఉంటుంది. రాసుకోని పేటకు 'మా తాతలనాటి నుంచి' అన్న ఒక్క మాటే ఉంటుంది. ఆఫీసుల్లో ఆ మాటకు విలువెంతో మనకు తెలుసు.

కాబట్టి పేట చరిత్ర రాయడానికి పెద్ద సిద్ధాంతం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. బడి టీచర్లు తొమ్మిదో తరగతి పిల్లలతో మొదలుపెట్టొచ్చు. ఊరి పటంలో ఎత్తుపల్లాలు గుర్తించమనండి. పేట పేర్ల పట్టిక రాయించండి. అమ్మమ్మలు ఊడ్పులకు నడిచిన దారులు గీయించండి. కార్యకర్తలు అడంగల్, పాత సెటిల్‌మెంటు రిజిస్టరు నకళ్లు దరఖాస్తు పెట్టి తీయండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. విద్యార్థులు చర్చి రిజిస్టరు చూడనివ్వమని పాస్టరుగారిని అడగండి. చెదలు పట్టకముందే అడగండి. రాసినదాన్ని విశ్వవిద్యాలయానికి ఇచ్చేముందు పేటలో కూర్చోబెట్టి చదివి వినిపించండి. తప్పులు వాళ్లే దిద్దుతారు.

ఊరన్నాక మాలపల్లి ఉండదా అని ఊరు మనల్ని ఇన్నేళ్లూ ఎగతాళి చేసింది. ఆ మాటనే మనం తిరిగి అడుగుదాం. గుండుగొలనులోనైనా, దాని పక్క ఊళ్లోనైనా, ఊరి చరిత్ర అని ఎవరు ఏ పుస్తకం చేతిలో పెట్టినా మొదట అడగాల్సింది ఇదే. ఇందులో పేట ఎక్కడ?